‘ఏటి’కి చుట్టాలెవరు?

గత నెలలో ఒక మౌఖిక పరీక్షకు పరీక్షకుడిగా కూర్చున్నాను. విద్యార్థి నల్లబల్ల మీద సమీకరణం రాస్తూ అందులోని గ్రీకు అక్షరాన్ని "సై" అని చదివాడు. నా ప్రమేయం లేకుండానే నా నోటి నుంచి "ప్సి" అని వచ్చింది. పక్కన కూర్చున్న బెంగాలీ మిత్రుడు నా చెవి దగ్గరకు వంగి, "దాదా, భౌతికశాస్త్రం చాలక భాష కూడా దిద్దుతున్నావా?" అన్నాడు. విద్యార్థి మాత్రం సుద్దముక్క కిందికి దించి, "ప్సి అని ఎవరు చెప్పారు సార్?" అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. అది నాకు చెప్పిన మనిషి పోయి రెండేళ్ళయింది. ఏ జబ్బుతో పోయారో నాకు ఉత్తరం రాసినవారు రాయలేదు. కనక నేనూ రాయను. పేరు కూడా రాయను. ఒక మాటకు బరువు రావడానికి దాని కింద పెద్ద పేరు తగిలించడం ఆవిడకు గిట్టేది కాదు.

పదిహేనేళ్ళ కిందట నేను కలకత్తాలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగంలో రాజమండ్రి నుంచి అక్కడికి బదిలీ మీద వచ్చారు. ఒకనాటి మధ్యాహ్నం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని ఒక లెక్క తేలక అంకెలు మళ్ళీ మళ్ళీ కూడుకుంటున్నాను. ఎదురుగా ముప్ఫై దాటిన ఒకావిడ. ముతక తెల్లచీర, మణికట్టుకు మగవాళ్ళు పెట్టుకునే గడియారం, ముందు మూడు లావుపాటి పుస్తకాలు. చూపుడువేలు పుట మధ్య ఉంచి పుస్తకం మూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా కాగితం మీది గ్రీకు అక్షరం వైపు చూశారు.

"తెలుగులో లెక్కెడతన్నావు గదా. ఆ అచ్చరాన్ని ఏటంతావు బావూ?"

అంకెలు కూడుతున్నప్పుడు నా పెదవులు కదులుతాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"సై అంటామండీ."

"ఎవులు సెప్పేరు?"

"మా ప్రొఫెసరుగారు."

"ఆయనకెవులు సెప్పేరు?"

"వారి ప్రొఫెసరుగారు చెప్పి ఉంటారు."

"ఆయనకి?"

ఆవిడ పుస్తకంలోని వేలు తీయకుండానే అన్నారు: "అలగెల్తే, ఆ అచ్చరం పుట్టించుకున్నోళ్ళ దగ్గిరికే ఎల్తాం. ఆళ్ళు ప్సి అనీవోళ్ళు. మీ సైన్సోళ్ళు ఆళ్ళ సొత్తు పట్టుకుపోయి, పేరు మార్సీసి వాడుకుంతన్నారు."

ఇంటికి వెళ్ళాక నిఘంటువు చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. మర్నాడు ఆ సంగతి చెబితే, నిజమైనందుకు సంతోషించలేదు. నేను వెళ్ళి చూసినందుకు సంతోషించారు. అప్పటినుంచి నేను ఆవిడను అక్కగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను 'బావూ' అనేవారు. అది వాళ్ళ వైపు 'బాబూ'.

వాళ్ళ కుటుంబం శ్రీకాకుళం తీరం నుంచి కలకత్తా రేవు పనికి వచ్చిన ప్రొటెస్టెంటు క్రైస్తవ కుటుంబం. తాతగారి కాలం నుంచి రేవు పక్కన మెటియాబ్రుజ్ పేటలోనే ఉంటున్నారు. ఆవిడ రేవు కార్మికుల పిల్లలు చదివే తెలుగు బడిలో టీచరు. అది పొద్దుటి బడి. పదకొండింటికి గంట కొట్టగానే ట్రాము ఎక్కి విశ్వవిద్యాలయానికి వచ్చేవారు. తత్త్వశాస్త్రంలో ఎమ్మే అలాగే చదివారు. అప్పుడు ప్రాచీన గ్రీకు తత్త్వం మీద పరిశోధన చేస్తున్నారు. ఆ విభాగంలో అందరూ గ్రీకు తత్త్వాన్ని ఇంగ్లీషులో చదివేవారట. ఈవిడ ఒక్కరే మూలం చూడనిదే పుట తిప్పేవారు కాదు.

గ్రీకు ఎక్కడ నేర్చారన్నది మొదట నన్ను తికమక పెట్టిన విషయం. వాళ్ళ చర్చిలో ఒక ముసలి పాస్టరుగారికి బైబిలు మూలం చదివేపాటి గ్రీకు వచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక, పదిహేనేళ్ళ పిల్ల వచ్చి బల్ల మీద కూర్చుంటే, ఆయన వారానికి రెండు వాక్యాలు చెప్పేవారట. ఏడేళ్ళు. అందువల్ల ఆవిడ గ్రీకుకు చర్చి వాసన ఉండేది. ఎమ్మే పరీక్షలో 'పిస్తిస్' అన్న మాటను 'విశ్వాసము' అనుకుని, ఒక ఏథెన్సు తత్త్వవేత్త విశ్వాసాన్ని అన్నిటికన్నా పైన నిలబెట్టాడని రాసేశారు. ఆ తత్త్వవేత్త లెక్కలో అది పరీక్షకు నిలవని నమ్మకం. జ్ఞానానికి రెండు మెట్ల కింద ఉంటుంది. ప్రొఫెసరుగారు ఆ జవాబు చదివి, "మీరు ఏథెన్సు వాళ్ళకు బాప్తిస్మం ఇచ్చేశారు," అన్నారట. ఈ కథను ఆవిడ ఎందరికో చెప్పగా విన్నాను. ప్రతిసారీ ఆ మాట దగ్గర ముందుగా నవ్వేది ఆవిడే.

ఒక పద్ధతి ఉండేది ఆవిడకు. ఏ వాదన మొదలుపెట్టబోయినా ముందు సంచిలోంచి మరమరాల పొట్లం తీసి బల్ల కింద నాకు అందించేవారు. గ్రంథాలయంలో తినకూడదు కదా అంటే, "కడుపు కాల్తా ఉంటే ఎవులేటి సెప్పినా నిజంలాగే ఇనిపిస్తాది, తిను," అనేవారు. విభాగంలో బెంగాలీ మాట్లాడేవారు. వ్యాసాలు ఇంగ్లీషులో రాసేవారు. తరగతిలో పిల్లలకు పుస్తకాల తెలుగు చెప్పేవారు. తెలుగువాళ్ళు ఎదురైతే మాత్రం, వారు ఎంతటి అధికారులైనా, ఇంటి మాటలోనే పలకరించేవారు. మా అమ్మగారు మొదటిసారి విని, "అంత చదువుకుని అదేం మాటమ్మా?" అంటే, "సదువుకోకముందు కూడా ఇదే మాటండి," అన్నారు.

వాళ్ళ నాన్నగారిని ఒక్కసారే చూశాను. ఆయన రేవువారి సర్వే లాంచీలో పనిచేసేవారు. సీసపు గుండు కట్టిన తాడు నదిలోకి విసిరి, అడుగు తగలగానే లోతు ఎంతో కేక వేసి చెప్పడం ఆయన పని. ఆ కేకను బట్టి ఓడలు నడుస్తాయి. నేను పాఠ్యపుస్తకం తెలివితో, కలకత్తాకు దిగువన బడ్జ్ బడ్జ్ దగ్గర నది లోతెంత ఉంటుందండీ అని అడిగాను.

"కూకోండి బావూ," అన్నారు ఆయన. "ఎప్పుడు?"

"ఎప్పుడంటే?"

"గంగ అడుగు ఇసకండి. పోటుకి ఒక సోట, పాటుకి ఒక సోట ఉంతాది. నిన్న నాను సెప్పిన లోతు ఇయ్యేళ నానే నమ్మను."

"మరి గుర్తుండదా, అన్నేళ్ళ అనుభవం ఉంది కదా?"

"గుర్తుంతాది. అదే పమాదం. తాడెయ్యకండా సెప్పీగల్ననిపిస్తాది."

ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి వింటున్నారు. "పరీచ్చించడం నాను ఏటెన్సోళ్ళ దగ్గిర నేర్సుకున్నానని మావోళ్ళందరూ అనుకుంతారు," అన్నారు నాతో. "నేదు. ఇక్కడే."

ఇక అసలు సంగతికి వస్తాను. అందులో తప్పు నాది.

ఆవిడ పరిశోధన విషయం ఇది. ఏథెన్సులో పూర్వం కొన్ని సంభాషణలు జరిగాయి. ఒకాయన నడివీధిలో మనుషుల్ని ఆపి, ధైర్యమంటే ఏమిటి, భక్తి అంటే ఏమిటి అని అడుగుతాడు. ఎదుటివాడు చెప్పిన ప్రతి జవాబూ పరీక్షకు నిలవక కూలుతుంది. చివరికి ఇద్దరూ జవాబు లేకుండానే విడిపోతారు. ఆ స్థితికి గ్రీకులో 'ఆపోరియా' అని పేరు. పండితులు చాలామంది దీన్ని వైఫల్యంగా లెక్కకట్టారని, అది వైఫల్యం కాదని నిరూపించడమే తన పని అని ఆవిడ చెప్పేవారు. ట్రాములో ఒకరోజు ఆ సంభాషణల తీరు వివరిస్తూ, "అన్నిటికీ ఒకటే పెశ్న. తి ఎస్తి? అంటే ఇది ఏటి అని," అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. "అక్కగారూ, ఇది మీ 'ఏటి'యే కదా! తి, ఏటి. తి ఎస్తి, ఏటిది!"

ఆవిడ నవ్వి, "సెవికి బాగుంది," అన్నారు. అంతే అన్నారు. ఆ మాటలోని హెచ్చరిక నాకు వినిపించలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కొత్త సంగతి కనిపెట్టానన్న పొంగు వేరు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా నాన్నగారికి చెప్పాను. ఆయన తన ఆఫీసులో చెప్పారు. అక్కడి నుంచి అది మా తెలుగు సంఘం కార్యదర్శిగారి చెవిన పడింది.

ఈ కార్యదర్శిగారే ఆవిడ పనిచేసే బడికి కూడా కార్యదర్శి. గుంటూరు వైపు పెద్దమనిషి, భాషాభిమాని. అంతకు ఏడాది ముందే ఆ బడి గోడమీద ఆయన సంతకంతో ఒక ప్రకటన వెలిసింది: విద్యార్థులు 'ఏటి' అనరాదు, 'ఏమిటి' అనవలెను. రెండు వందలమంది పిల్లలు దాన్ని చదివి, "ఇదేటి?" అని ఒకరినొకరు అడిగారని ఆవిడ చెప్పేవారు. పరిశోధన ముగించడానికి ఆవిడ రెండేళ్ళ సెలవు కోరుతూ పెట్టిన అర్జీ కూడా ఆయన బల్ల మీదే ఉంది. పొద్దున బడి, మధ్యాహ్నం గ్రంథాలయం, ఆదివారం చర్చి, వీటి మధ్య సిద్ధాంతగ్రంథం నాలుగేళ్ళుగా నాలుగో అధ్యాయం దగ్గరే ఉంది. ఆ సెలవు వస్తే అది పూర్తవుతుంది. రాకపోతే ఏమవుతుందో ఆవిడకే తెలియదు.

ఇలా ఉండగా సంఘం వార్షికోత్సవానికి ఆహ్వానపత్రిక అచ్చయి వచ్చింది. ప్రధానోపన్యాసం ఆవిడది. విషయం: 'గ్రీకు తత్త్వమునకు తెలుగు మూలము'.

ఆవిడ ఆ పత్రికను తెచ్చి నా లెక్కల కాగితం మీద పెట్టారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి వెళ్ళాయి.

"ఇది ఎవులు సెప్పేరు?"

"నేనే అక్కగారూ."

కేకలు వేస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని మరమరాల పొట్లం తీశారు. "సెక్రెట్రీగారు కనబడ్డారు. 'ఉపన్యాసం కాగానే నీ సెలవు కాగితం మీద సంతకం పెడతానమ్మా' అన్నారు. ఆ గోడ మీద కాగితం కూడా పీకించెత్తారట. ఏటి గ్రీకు మాటయిపోయింది గదా." పొట్లం నా వైపు జరిపారు. "నిజవైతే నాకంటే సంతోసించీవోళ్ళు ఉండరు. పదిరోజులుంది. సూద్దాం."

ఆ పదిరోజులు నాకు పరిశోధన అంటే ఏమిటో నేర్పాయి. మా ప్రయోగశాల నేర్పింది ఆ తరవాతే అని నిజాయితీగా రాయాలి. ఎందుకంటే ఆవిడ ఆ పోలిక ఓడిపోవాలని చూడలేదు, గెలవాలని చూశారు. గెలిస్తే ఆవిడకు సెలవు వస్తుంది. కనక దానికి ఉన్న ప్రతి అవకాశమూ ఇచ్చారు. సంస్కృత నిఘంటువు, గ్రీకు నిఘంటువు, తెలుగు వ్యాకరణాలు బల్ల నిండా పరిచాం. నేను వరసలు గీసి పట్టిక రాశాను.

మూడోరోజుకే ఆ పోలిక వంగడం మొదలుపెట్టింది. తెలుగులో ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నిటిలోనూ ప్రశ్న మొదట ఉన్న ఎకారంలోనే ఉంది. 'ఏమిటి' కుదించుకుపోయి 'ఏటి' అయింది. అందులోని 'టి' వెనక వచ్చి చేరిన ప్రత్యయం. గ్రీకులోనో, 'తి'యే ప్రశ్న. ఆవిడ పెన్సిలుతో రెండు మాటల కిందా గీత గీసి, "ఆళ్ళకి తల, మనకి తోక. తల్నీ తోకనీ పక్కపక్కనెట్టి ఒకే జంతువంతన్నాం," అన్నారు.

"అయితే ఆ 'తి'కి చుట్టాలే లేరా?" అని నేను పట్టుబట్టాను.

"ఎందుకు నేరు? సంస్కృతంలో 'చ' అంటే 'ఇంకా' అని గదా. గ్రీకులో 'తె'. చత్వారః, ఏటెన్సోళ్ళ మాటలో తెత్తరెస్. పంచ, పెంతె. ఆళ్ళ తకారం ఉన్నకాడ సంస్కృతంలో ఏటున్నాదో సూడు. 'చ' ఉంది, నేదా దాని పాత రూపం 'క' ఉంది. అలగైతే 'తి'కి ఎదర ఏటుండాల?"

నేను పట్టికలో వేలు పెట్టి ఆలోచించాను. "కిమ్."

"కిమ్ ఇప్పుడెక్కడున్నాది?"

ఆవిడ లేచి నన్ను గ్రంథాలయం బయటికి తీసుకుపోయారు. వీధి మలుపులో బజారు ఉండేది. చేపల బుట్ట ముందు కూర్చున్న, పిన్నీ అన్నట్టుగా అందరూ మాసీ అని పిలిచే ఆవిడ మమ్మల్ని చూడగానే కత్తిపీట మీద చెయ్యి ఆపకుండా అంది: "కీ నెబే గో?" ఏం తీసుకుంటారని.

"ఇన్నావా?" అన్నారు ఆవిడ. "ఏటెన్సోళ్ళ పెశ్నకి సొంత సెల్లెలు ఇక్కడ కూకుని సేపలమ్ముతున్నాది. బెంగాలీ 'కీ' దానికి చుట్టం. మన ఏటికి కాదు."

నేను ఆ రాత్రికి రాత్రే నమ్మేయలేదు. నాలుగు మాటలు చాలవని ఇంకో ఆరు వెతికాను. మూడు కుదిరాయి, మూడింటిని నిర్ణయించే విద్య నాకు లేదు. అయినా ఆవిడ చెప్పింది నిలిచింది. నేను చెప్పింది నిలవలేదు.

సభ ఆదివారం సాయంత్రం. హాలు నిండింది. రేవు కార్మికులు వెనకవైపు, ఆఫీసర్ల కుటుంబాలు ముందువైపు. వాళ్ళ నాన్నగారు ఇస్త్రీ చొక్కాతో చివరి వరసలో నిలబడి ఉన్నారు. కూర్చోమంటే అలవాటు లేదన్నారు. నేను మూడో వరసలో, మా నాన్నగారి పక్కన కూర్చున్నాను. కార్యదర్శిగారు లేచి, తెలుగుజాతికి అటువంటి రోజు మళ్ళీ రాదన్నారు. నిన్నటిదాకా మనం మోటు అనుకున్న మాట ప్రపంచానికి ప్రశ్నించడం నేర్పిన మాట అని తేలిందన్నారు. చప్పట్లు మోగాయి. వెనక వరసల చప్పట్లు ఎక్కువసేపు మోగాయి. వాళ్ళు తమ మాటకు గౌరవం దక్కడం ఆ రోజే చూస్తున్నారు. ఆవిడకు కష్టమైనది కార్యదర్శిగారి ముఖం కాదు, ఆ వెనక వరసల చప్పట్లేనని తరవాత చెప్పారు.

ఆవిడ కాగితం లేకుండా మాట్లాడారు. గ్రీకు ప్రశ్న ఏమిటో, అది ఎందుకు గొప్పదో చెప్పారు. తరవాత, "మన ఏటీ, ఆళ్ళ తీ ఒక్కలాగే ఇనిపిస్తాయి. పరీచ్చించాం. నిలబడలేదు," అన్నారు. తల గురించి, తోక గురించి వివరించారు. చేపల మాసీ గురించి కూడా చెప్పారు. హాలులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

కార్యదర్శిగారు కుర్చీలోంచే అడిగారు: "పరీక్షించాం అంటున్నావు. బహువచనం ఎందుకమ్మా? నీతో ఇంకెవరు పరీక్షించారు?"

నేను లేవబోయాను. మా నాన్నగారి చెయ్యి నా తొడ మీద పడింది. ఆ చెయ్యి బరువెంతో నాకు ఇప్పటికీ తెలుసు. లేవలేనంత బరువు కాదు. నేను లేవలేదు.

ఆవిడ మూడో వరస వైపు చూడనైనా చూడలేదు. "నానే," అన్నారు. "నానొక్కర్తినే."

"అయితే మా పిల్లల మాట చేపలమ్మే వాళ్ళ మాటకు కూడా సరిరాదంటావు."

"అలగన్లేదండి. ఏటి గ్రీకు కాదన్నాను. గ్రీకు కాకపోయినా ఏటి మంచి మాటే. దానికి పైదేశం చుట్టాలక్కర్నేదు. ఆ గోడ మీద కాగితం ఇయ్యేళైనా పీకీవొచ్చు."

వెనక వరసలోంచి ఎవరో ఒక్కరే చప్పట్లు కొట్టారు. తిరిగి చూశాను. వాళ్ళ నాన్నగారు.

సెలవు రాలేదు. ప్రకటన గోడ మీదే ఉండిపోయింది. నేను మూడోనాడు కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళి, ఆ పోలిక తెచ్చింది నేనేనని, ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను. ఆయన శాంతంగా విని, "తెచ్చినందుకు నిన్ను మెచ్చుకుంటాను. పోగొట్టింది ఆవిడ," అన్నారు. ఆయన తర్కంలో నాకు అప్పుడూ లోపం కనిపించింది. అది ఆయనకు చూపించే ఉపాయం మాత్రం దొరకలేదు.

ఆ వారమే ఆవిడతో కలిసి మెటియాబ్రుజ్ ఘాట్ దగ్గర పడవ కోసం నిలబడ్డాను. సభలో లేవనందుకు క్షమాపణ చెప్పుకోవాలని నాలుగు వాక్యాలు తయారుచేసుకుని వచ్చాను. రెండోదాని దగ్గర ఆవిడ చెయ్యెత్తారు.

"లేస్తే ఏటయ్యీది? సెలవు ఇచ్చీవోరా?"

"లేదు."

"మరింకేటి. నీ సదువు నీకున్నాది. ఆయనింటికెల్లి ఒప్పుకున్నావట గదా. అది లేటుగా లేవడం. లేవకపోడం కాదు."

అవతలి ఒడ్డుకు వెళ్ళేవాళ్ళను పిలుస్తూ పడవవాడు "ఓపార్, ఓపార్" అని కేక వేశాడు. ఆవిడ ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నావా? పార్. అవతలొడ్డు. గ్రీకులో దాటీ రేవుని 'పోరోస్' అంటారు. దాటీ రేవు నేకపోతే ఆపోరియా."

"అక్కగారూ, మళ్ళీ చెవికి బాగున్న మాటేనా?"

ఆవిడ గట్టిగా నవ్వారు. చుట్టూ ఉన్న దర్జీలు బట్టల మూటలతో సహా తిరిగి చూశారు. "సెబాసు. నమ్మకు. నిగంటువు నీ దగ్గిరుంది గదా, సూసుకో. మన 'అపారం' కూడా సూడు. అదే కట్టుబడి. దేవుడి పేమ అపారం అని మేం చర్చిలో పాడతాం. అవతలొడ్డు అవుపించకపోతే మనం చేతులెత్తి మొక్కేం. ఏటెన్సోళ్ళు దారి నేదన్నారు. ఒడ్డు ఒకటే."

ఈసారి నేను చూశాను. ఒకే ధాతువని రెండు నిఘంటువులూ అంటున్నాయి. అంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు.

పడవ ఎక్కుతూ అడిగాను: "మరి సెలవు లేకుండా ఎలా? ఇప్పుడు దారేది?"

"రేవు నేదని తెల్సింది గదా. మా నానేటి సేస్తాడు? తాడేస్తాడు. ఎంత లోతో సూసుకుంటా ఎల్తాడు." ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని పుస్తకం తెరిచారు. పడవ ఒడ్డు చేరేలోగా నాలుగో అధ్యాయంలో ఒక పేరా కొట్టేశారు.

సిద్ధాంతగ్రంథం పూర్తి కావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. అందులో చాలా భాగం ట్రాములో రాసినది. అక్షరాల వంపు చూస్తే ట్రాము ఎక్కడ ఆగిందో నేను చెప్పగలిగేవాణ్ణి. అప్పటికి నాకు ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. శనివారాలు ఆవిడ రాసినవన్నీ నేను సరిచూసేవాణ్ణి. గ్రీకు తత్త్వం నాకు రాదు. కాని ఫలానా పుటలో ఫలానా మాట ఉందో లేదో చూడడానికి తత్త్వం అక్కర్లేదు. మొత్తం మీద పదకొండు తప్పులు పట్టుకున్నాను. ఒక్కో తప్పుకు ఒక్కో మట్టిముంత టీ ఇప్పించారు. పన్నెండోది దొరికిందని తెచ్చినప్పుడు పుట తీసి చూపించి, తప్పు నాదేనని తేల్చి, ఆ టీ నాచేతే ఇప్పించుకున్నారు.

పట్టా వచ్చాక ఆవిడ వేరే ఊళ్ళో మహిళా కళాశాలకు తత్త్వశాస్త్రం చెప్పడానికి వెళ్ళారు. ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. ఆవిడ ఉత్తరాల్లో సమాచారం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

మౌఖిక పరీక్ష ముగిసిన మర్నాడు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళాను. టైపు ప్రతిని ఎన్నోసార్లు సరిచూశాను గాని, బైండు కట్టి ఇచ్చిన ప్రతిని ఎన్నడూ తెరవలేదు. చూడని దాన్ని చూశానని అనడం నాకు చేతకాదు. ఆ లోటు తీరుద్దామని వెళ్ళాను. రెండో అధ్యాయంలో, 'తి ఎస్తి' గురించిన చోట, పుట అడుగున ఒక చిన్న గమనిక ఉంది. నేను సరిచూసిన ప్రతిలో అది లేదు. ఆఖరున చేర్చి ఉండాలి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇంతే: 'నా మాతృభాషలో ఈ ప్రశ్నను ఏటి అంటారు. ఈ రెంటికీ చుట్టరికం లేదు. పరీక్షించి చూశాము.'

గ్రంథంలో ఆవిడ అంతటా 'నేను' అనే రాసుకున్నారు. నేను భావిస్తున్నాను, నేను చూపించాను, నేను అంగీకరించను. మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికాను. తన పనిని గురించి బహువచనం వాడింది ఆ ఒక్కచోటే. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి సరిచూశాను. ఒక్కచోటే.

ఇంగ్లీషు ఆ బహువచనాన్ని ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది. తెలుగుకు అది చాలదు. చదివేవాణ్ణి బయట ఉంచితే 'మేము', లోపల కలుపుకుంటే 'మనం'. ఆ గ్రంథం తెరిచే వాళ్ళందరికీ అక్కడ ఉన్నది 'మేము'. నాకు ఒక్కడికే అది 'మనం'.